పెరుగు బ్యాక్టీరియాతో హెచ్‌ఐవీ టీకా: పరిశోధన నిజమే, మాత్రలు మాత్రం ఆపొద్దు

తమ్మీ, నువ్వు రెండు ప్రశ్నల్ని ఒకే మూటలో కట్టావు, ముందు వాటిని విడదీస్తా. మొదటిది, దేవరకొండలో డిగ్రీ మైక్రోబయాలజీ చదువుతున్నావు, పెరుగులో ఉండేలాంటి బ్యాక్టీరియాతో హెచ్‌ఐవీకి నోటి టీకా చేస్తున్నారని ఎక్కడో చదివావు, అది నిజమేనా, దాని మీద ప్రాజెక్టు చేయొచ్చా అని. రెండోది, మీ పెద్దమ్మ కొడుకు నాలుగేళ్లుగా హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు వాడుతున్నాడు, ఎవరో ఒకాయన "ఇందులో మంచి బ్యాక్టీరియా ఉంది, లోపలి ఇమ్యూనిటీ పెరుగుతుంది, ఇక మాత్రలతో పనిలేదు" అని పొడి డబ్బా అంటగట్టాడు, నమ్మొచ్చా అని.

రెండోదానికి జవాబు ఒక్క ముక్క. నమ్మొద్దు, మాత్ర ఆపొద్దు, ఈ రాత్రిది కూడా వేసుకోమని మీ అన్నకు ఇప్పుడే ఫోన్ చెయ్యి. మిగతాది తీరికగా చదువు.

నేను డాక్టర్ని కాదు. మొదట పాలమూరు వైపు సర్కారు ల్యాబులో హెచ్‌ఐవీ పరీక్షలు చేసేవాణ్ని, తర్వాత హైదరాబాద్ దగ్గర ఒక టీకాల కంపెనీలో నోటి టీకాల క్వాలిటీ కంట్రోల్‌లో చాలా ఏళ్లు ఉన్నా, ఇప్పుడు నల్గొండలో ఇంటిపట్టునే ఉంటున్నా. అంటే రోగం వైపు కొంత, టీకా వైపు కొంత చూసినవాణ్ని.

హెచ్‌ఐవీ అనగానే అందరికీ రక్తమే గుర్తొస్తుంది, పరీక్ష రక్తంతో చేస్తాం కాబట్టి. కానీ వైరస్ ఎక్కువమందికి వచ్చేది శృంగారం ద్వారా, అంటే జననాంగాల్లో, మలద్వారంలో ఉండే తడి పొర మీదుగా. దాన్నే శ్లేష్మపొర అంటారు, మీ పుస్తకంలో మ్యూకోసా అని ఉంటుంది. ముక్కు, నోరు, ఊపిరితిత్తులు, పేగులు కూడా ఇదే పొరతో కప్పి ఉంటాయి. జబ్బకు వేసే ఇంజెక్షన్ రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీని బాగా పెంచుతుంది, తడి పొర మీద కాపలా కాసేది మాత్రం ఎక్కువగా ఐజీఏ అనే ఇంకో రకం యాంటీబాడీ. దొంగ పెరటి గోడ దూకి వస్తుంటే మనం వీధి తలుపుకు తాళాలు పెంచుకుంటూ పోయినట్టు ఉంటుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వైరస్ ఏ దారిలో వచ్చినా మొదట కొల్లగొట్టేది పేగుల్నే. మన ఒంట్లో రోగనిరోధక కణాలు ఎక్కువగా కాపురం ఉండేది అక్కడే, సోకిన మొదటి కొన్ని వారాల్లోనే పేగు గోడలోని సీడీ4 అనే రోగనిరోధక కణాలు చాలావరకు పోతాయి. అప్పటికి మనిషికి కాస్త జ్వరం వచ్చి తగ్గి ఉంటుంది, అంతే. రక్తంలో సీడీ4 లెక్క ఇంకా బాగానే కనిపిస్తుంటుంది. అందుకే పరిశోధకులు గుమ్మం దగ్గరే ఆపాలి, పేగు దగ్గరే ఆపాలి అని పట్టుబట్టారు. నైరోబీలోని పుమ్వానీ ప్రాంతంలో సెక్స్ వర్కర్లను ఏళ్లతరబడి గమనిస్తే, మళ్లీ మళ్లీ వైరస్‌కు ఎదురైనా ఇన్‌ఫెక్షన్ రాని ఆడవాళ్లు కొందరు కనిపించారు, వాళ్లలో కొందరి జననాంగ స్రావాల్లో హెచ్‌ఐవీని పట్టుకునే ఐజీఏ ఉందని 1990ల చివర్లో రాశారు. ఈ దారిలో ఆశ పుట్టించిన వాటిలో అదొకటి.

ఇక బ్యాక్టీరియా ఎందుకంటే, పేగు గోడలో అక్కడక్కడా పేయర్స్ ప్యాచెస్ అనే కాపలా గుడిసెలు ఉంటాయి, వాటి పైన ఎం కణాలు అనే కిటికీలు. లోపలికి ఏం వస్తుందో ఆ కిటికీల్లోంచి నమూనా తీసుకుంటుంది మన ఒళ్లు. సాల్మొనెల్లా సరిగ్గా ఆ కిటికీలోంచే దూరుతుంది, టైఫాయిడ్ మొదలయ్యేది అలాగే. మరి దాని కోరలు పీకేసి, వీపు మీద హెచ్‌ఐవీ ముక్క ఒకటి కట్టి పంపితే? సూది అక్కర్లేదు, టీకా ఘాటు పెంచే అడ్జువెంట్ విడిగా కలపక్కర్లేదు, ఎందుకంటే బ్యాక్టీరియా పైపొర, దాని తోక ప్రోటీన్ చూడగానే మన కణాలు వాటంతటవే అలారం మోగిస్తాయి. పైగా ఒక ట్యాంకులో పులియబెడితే లక్షల డోసులు, చవక. ఇది ఊహ మాత్రమే కాదు, కోరలు పీకిన టైఫాయిడ్ బ్యాక్టీరియా క్యాప్సూల్ నిజంగానే ఉంది, టీవై21ఎ అంటారు, 1970ల్లో స్విట్జర్లాండ్‌లో తయారైంది, రోజు విడిచి రోజు మూడో నాలుగో క్యాప్సూల్స్ మింగాలి. దాన్నే బండిగా వాడొచ్చు కదా అని చాలామంది చూశారు. సాల్మొనెల్లాతో పాటు షిగెల్లా, లిస్టీరియా, క్షయ టీకా బీసీజీ, పాల బ్యాక్టీరియా లాక్టోకోకస్, లాక్టోబాసిల్లస్, ఇవన్నీ వరసలో ఉన్నాయి. నువ్వు చదివింది బహుశా లాక్టోబాసిల్లస్ సంగతి అయ్యుంటుంది. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో గ్రెగ్ డీన్ బృందం లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్ మీద హెచ్‌ఐవీ ముక్కల్ని ఎక్కించి ఎలుకల్లో చూస్తూ వచ్చింది.

ఇంతవరకు వింటే బ్రహ్మాండం. చిక్కులు ఇక్కడినుంచి.

మొదటి చిక్కు నీకు మన భాషలో చెప్తా. వాడపల్లి చెక్‌పోస్టు దగ్గర మిర్యాలగూడ మిల్లులకు వచ్చే వడ్ల లారీని ఆపారనుకో, లారీ నంబరు రాసుకుంటారు, డ్రైవర్ కాగితాలు చూస్తారు, లోపల పదో వరసలో ఉన్న ఒక్క బస్తాలో ఏముందో ఎవడు చూస్తాడు? ఒళ్లు కూడా అంతే. సాల్మొనెల్లా అనే పెద్ద లారీలో వేల రకాల సొంత ప్రోటీన్లు ఉంటాయి, అందులో హెచ్‌ఐవీ ముక్క ఒక్కటి. 2006లో ఒక చిన్న ట్రయల్ ఫలితం వచ్చింది, బలహీనపరిచిన సాల్మొనెల్లాకు హెచ్‌ఐవీ లోపల ఉండే గ్యాగ్ అనే ప్రోటీన్ ఎక్కించి వలంటీర్లకు తాగించారు. సాల్మొనెల్లా మీద ఒళ్లు బాగానే తిరగబడింది, గ్యాగ్ మీద మాత్రం స్పందన అంతంతమాత్రం. బస్తా వదిలేసి బండిని పట్టుకుంది. రెండోసారి అదే బండి పంపితే ఇంకా అన్యాయం, గుమ్మంలోనే తరిమేస్తుంది. మన దగ్గర టైఫాయిడ్ ఎంతమందికి వచ్చిపోయిందో నీకు తెలియంది కాదు, అంటే ఆ లారీ నంబరు ఇక్కడ సగం చెక్‌పోస్టులకు ముందే తెలుసు.

రెండో చిక్కు చక్కెరది. హెచ్‌ఐవీ పైన ఉండే జీపీ120 ప్రోటీన్ బరువులో దాదాపు సగం చక్కెర గొలుసులే, వైరస్ వాటిని కంబళిలా కప్పుకుని తిరుగుతుంది. ఆ గొలుసులు తొడిగేది మన కణం. బ్యాక్టీరియాకు ఆ పని చేతకాదు. బ్యాక్టీరియాలో జీపీ120 చేయిస్తే కంబళి లేని, వంకర తిరిగిన ప్రోటీన్ వస్తుంది, దాన్ని చూసి నేర్చుకున్న యాంటీబాడీ రేపు అసలు వైరస్ ఎదురైతే గుర్తుపట్టకపోవచ్చు. అందుకే బ్యాక్టీరియా వాళ్లు చాలామంది లోపలి ప్రోటీన్ గ్యాగ్ వైపు వెళ్లారు, అది వైరస్ దూరిన కణాల్ని పట్టుకునే టీ కణాలకు పనికొస్తుంది, చక్కెర గొడవ లేదు. ఇంకొందరు ప్రోటీన్ బదులు డీఎన్‌ఏ మోయించి, వంట మన కణంలోనే జరిగేలా చూశారు, షిగెల్లా, లిస్టీరియా లాంటివి కణం లోపలికే దూరుతాయి కాబట్టి. మరికొందరు పైప్రోటీన్‌లో మారని చిన్న ముక్క ఒక్కదాన్నే తీసుకుంటున్నారు. వర్జీనియా యూనివర్సిటీలో స్టీవెన్ జైక్నర్ బృందం ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియాలో అనవసరమైన జన్యువులు కొన్ని కోసేసి, దాని ఒంటి మీద హెచ్‌ఐవీ మన కణంలోకి దూరడానికి వాడే ఫ్యూజన్ పెప్టైడ్ అనే ముక్కను మొలిపించి, బ్యాక్టీరియాను చంపి టీకాగా వాడి చూస్తోంది. బండి మీద సామాను తగ్గిస్తే బస్తా కనపడుతుందని వాళ్ల లెక్క. నాకైతే ఈ వరసలో తెలివైన ఆలోచన ఇదే అనిపిస్తుంది, చచ్చిన బ్యాక్టీరియా కాబట్టి తలనొప్పులూ తక్కువ.

మూడోది పేగు స్వభావం. బస్టాండు పక్కన ఇల్లున్నవాడికి హారన్ వినపడదు. పేగు రోజూ జొన్నరొట్టె, పప్పు, పచ్చి పులుసు, కోట్లకొద్దీ బ్యాక్టీరియా చూస్తుంటుంది, అన్నింటి మీదా తిరగబడితే మనిషి బతకడు, అందుకే చూసీ చూడనట్టు ఉండటం దానికి అలవాటు. నోటి టీకా ఆ నిద్రలోంచి లేపాలి. అందులోనూ మన దేశాల్లో నోటి టీకాలు ధనిక దేశాల్లో పనిచేసినంత పనిచేయవు, చిన్నప్పటినుంచి పేగులకు తగిలే ఇన్‌ఫెక్షన్లు, తిండి లోపం ఇలాంటివి కారణాలంటారు. వెల్లూరులో టి. జాకబ్ జాన్ నోటి పోలియో చుక్కల విషయంలో దీన్ని 1970ల్లోనే చూపించారు. మన హైదరాబాద్ పక్క జీనోమ్ వ్యాలీలోనే తయారయ్యే రోటావ్యాక్ సంగతి చూడు, మంచి టీకా, పిల్లల ప్రాణాలు కాపాడుతోంది, అయినా తీవ్రమైన రోటావైరస్ విరేచనాల మీద మన దేశ ట్రయల్‌లో దాని సామర్థ్యం 55 శాతం దగ్గర. ఈ జాతి టీకాలు ధనిక దేశాల్లో 85 శాతం దాటాయి. కాబట్టి అమెరికా ఎలుకలో బాగా పనిచేసింది అని చదివినప్పుడల్లా నేను మన నారాయణపేట పిల్లగాడి పేగును తలుచుకుంటా.

ఇంకోటి, నోట్లో వేస్తే ఒళ్లంతా కాపలా వస్తుందనుకోకు. నోటి టీకా ఐజీఏని పేగుల్లో, తల్లి పాలల్లో బాగా తెస్తుంది, జననాంగాల్లో అంత రాదు. ముక్కులో వేస్తే ఊపిరితిత్తుల దారిలో, జననాంగాల్లో మెరుగ్గా వస్తుంది. ముక్కుకూ దానికీ సంబంధం ఏంటని నవ్వకు, కణాలకు అడ్రసు చీటీలు అలా రాసి ఉన్నాయి.

ఇప్పుడు అసలు చిక్కు, మిగతా టీకాలకు లేనిది, హెచ్‌ఐవీకే ఉన్నది. ఏ టీకా అయినా చేసే పని సీడీ4 కణాల్ని నిద్రలేపడం. హెచ్‌ఐవీ తినేది ఆ సీడీ4 కణాన్నే, అదీ నిద్రలేచి పరుగులో ఉన్న కణం అంటే దానికి మరీ ఇష్టం, నిద్రపోతున్న కణంలో అది సరిగ్గా పెరగలేదు. అంటే గుమ్మం దగ్గర కాపలా పెంచుదామని నువ్వు పదిమందిని నిలబెడితే, దొంగకు ఆ కాపలావాళ్లే భోజనం. ఇది ఊరికే భయం కాదు. 2007లో స్టెప్ అనే పెద్ద ట్రయల్‌ను మధ్యలో ఆపేశారు. అందులో బండి బ్యాక్టీరియా కాదు, అడినోవైరస్. టీకా కాపాడకపోగా, ఆ అడినోవైరస్‌కు ముందే యాంటీబాడీలు ఉన్న, సున్తీ లేని మగవాళ్లలో టీకా వేసుకున్నవాళ్లకే హెచ్‌ఐవీ ఎక్కువగా వచ్చింది. కారణం మీద ఇప్పటికీ వాదనలున్నాయి, కానీ బండి మీద ఉన్న పాత కోపం తడి పొర దగ్గరికి కణాల్ని పరుగెత్తించి ఉండొచ్చన్నది ఒక బలమైన అనుమానం. శ్లేష్మపొర ఇమ్యూనిటీ పెంచుతాం అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది, ఏ కణాల్ని పెంచుతావు నాయనా అని.

దీన్ని తలకిందులు చేసినాయన ఒకరున్నారు, ఫ్రాన్స్‌కు చెందిన జాన్-మారీ ఆంద్రియూ. ఒంటిని లేపడం కాదు, హెచ్‌ఐవీ విషయంలో నిద్రపుచ్చుదాం అన్నాడు. చంపిన ఎస్‌ఐవీ, అంటే కోతుల హెచ్‌ఐవీని, మొదట బీసీజీతో, తర్వాత లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌తో కలిపి చైనా మూలం రీసస్ కోతులకు ఇచ్చారు, 2012లో, 2014లో పేపర్లు వచ్చాయి. ప్లాంటారమ్ అంటే పులిసిన కూరగాయల్లో, పిండిలో దొరికేదే. వాళ్లు చెప్పినదాని ప్రకారం యాంటీబాడీలు రాలేదు, మామూలుగా కోరుకునే స్పందనే లేదు, దాని బదులు సీడీ8 అనే ఇంకో జాతి రోగనిరోధక కణాల్లో ఒక రకం పుట్టి, వైరస్ దూరిన సీడీ4 కణం పరుగు అందుకోకుండా అదిమిపెట్టాయి, టీకా ఇచ్చిన కోతుల్లో ఎక్కువ భాగానికి ఇన్‌ఫెక్షన్ నిలవలేదు. పేపర్ చదివిన రోజు మా క్యాంటీన్‌లో ఒకటే వాదన, సగంమంది పిచ్చి అన్నారు, సగంమంది నోబెల్ అన్నారు. నేను మధ్యలో టీ తాగుతూ కూర్చున్నా. ఎందుకంటే చైనా మూలం కోతుల్లో ఎస్‌ఐవీ మామూలుగానే మెల్లగా నడుస్తుంది, భారత మూలం కోతుల్లో అంత మర్యాదగా ఉండదు. మనుషుల్లో కాపాడిందని ఇప్పటిదాకా రుజువు లేదు. ఆలోచన మాత్రం చదవదగ్గది, నువ్వు తప్పకుండా చదువు.

టీకా కాని ఇంకో దారి కూడా ఉంది, చాలామంది రెండింటినీ కలిపేస్తారు. యోనిలో మామూలుగా ఉండే లాక్టోబాసిల్లస్ జెన్సెనీకి వైరస్‌ను పట్టేసే సయనోవిరిన్ అనే ప్రోటీన్ తయారుచేయడం నేర్పి, ఆడ కోతుల్లో పెడితే ఇన్‌ఫెక్షన్ 63 శాతం తగ్గిందని 2011లో వచ్చింది. ఇక్కడ ఒంటికి నేర్పించేది ఏమీ లేదు, బ్యాక్టీరియానే కూలికి కాపలా పెట్టుకోవడం, అది పోతే కాపలా పోయినట్టే. ఆ చోట ఏ బ్యాక్టీరియా ఉందన్నది మందుల్ని కూడా మారుస్తుంది. దక్షిణాఫ్రికాలో టెనోఫోవిర్ అనే హెచ్‌ఐవీ మందు జెల్ వాడిన ఆడవాళ్లలో, లాక్టోబాసిల్లస్ ఎక్కువున్నవాళ్లకు 61 శాతం రక్షణ, లేనివాళ్లకు 18 శాతమే అని 2017లో తేలింది, ఆ రెండో గుంపులో ఉన్న గార్డ్‌నెరెల్లా లాంటి బ్యాక్టీరియా మందునే పీల్చేసుకుంటున్నాయి.

ఫ్యాక్టరీ వైపు సంగతి ఒక్కటి చెప్పి ఆపుతా. టీవై21ఎ క్యాప్సూల్‌లో కనీసం 200 కోట్ల బ్యాక్టీరియా బతికి ఉండాలి, చచ్చినవి లెక్కలోకి రావు. కడుపులో యాసిడ్ తగలకుండా పైపూత కావాలి, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మా దగ్గర ఒకసారి బ్యాక్టీరియా బ్యాచ్ ఒకటి ఆరబెట్టే దశలో కొద్దిగా తేడా వచ్చి, ప్లేట్ల మీద కౌంట్ చూస్తే పదో వంతు కూడా లేదు, మొత్తం పారబోశాం. చూడ్డానికి పొడి అదే రంగు, అదే వాసన. మీ అన్నకు అమ్మినాయన డబ్బాలో ఎన్ని బతికున్నాయో, అసలు ఏవి ఉన్నాయో ఆయనకు మాత్రం తెలుసా? అడిగి చూడు. ఏప్రిల్ ఎండలో నల్గొండ బస్సు టాప్ మీద వచ్చిన డబ్బా అది.

ఇక మీ అన్న విషయం. ఆ పొడిలో పైన చెప్పిన ఏ టీకా లేదు, హెచ్‌ఐవీకి ఏ రకం టీకా కూడా ఇప్పటిదాకా మార్కెట్లోకి రాలేదు. 2009లో థాయ్‌లాండ్ ట్రయల్‌లో 31 శాతం రక్షణ కనిపించింది, 16 వేలమంది పాల్గొన్నారు, అదే ఇప్పటికీ పెద్ద గెలుపు, దాని తర్వాత వచ్చిన పెద్ద ట్రయల్స్ 2020లో, 2021లో, 2023లో ఒక్కొక్కటే చేతులెత్తేశాయి. మంచి బ్యాక్టీరియా కావాలంటే ఇంట్లో పెరుగు తినమను, నష్టం లేదు. కానీ సీడీ4 బాగా పడిపోయినవాళ్లు బతికున్న బ్యాక్టీరియా పొడులు డాక్టర్ని అడగకుండా తీసుకోకూడదు, అరుదుగానైనా అవి రక్తంలోకి ఎక్కిన కేసులున్నాయి. హెచ్‌ఐవీ ఉన్న పసిపిల్లలకు బీసీజీ వేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది కూడా ఈ భయంతోనే.

మాత్ర ఆపితే ఏమవుతుందో నేను కళ్లారా చూశా. బొంబాయి వలస పోయి వచ్చిన ఒక మేస్త్రీ, మా ల్యాబుకు ఆర్నెల్లకోసారి వచ్చేవాడు, నవ్వుతూ వచ్చి నవ్వుతూ పోయేవాడు, బరువు పెరిగాడు, కూతురి పెళ్లి చేశాడు. ఎవరో చెట్టు మందు ఇచ్చి మాత్రలు మానిపించారు. ఏడాదిన్నర తర్వాత వాళ్ల తమ్ముడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు, నేను గుర్తుపట్టలేదు. క్షయ పట్టేసింది, సీడీ4 రెండంకెల్లో. మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు గానీ మనిషి నిలవలేదు. మాత్రలు ఆపితే వైరస్ కొన్ని వారాల్లోనే రక్తంలో తేలుతుంది, దాక్కున్న చోట్లనుంచి, అందులో పేగు ఒకటి. కొన్నాళ్లు వేసి కొన్నాళ్లు మానితే ఇంకా చెడ్డ, వైరస్ మందుకు అలవాటు పడుతుంది.

మీ అన్న వాడేది బహుశా టీఎల్‌డీ, మూడు మందులు కలిపిన ఒక్క మాత్ర, ఏఆర్‌టీ సెంటర్‌లో ఉచితం. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు అడిగి చూడు. వైరస్ కనపడనంత తక్కువగా నిలబడి ఉంటే శృంగారం ద్వారా భార్యకు సోకదు, ఇది గట్టిగా రుజువైన మాట. పొడి అమ్మినాయన పేరు సెంటర్‌లో కౌన్సెలర్‌కు చెప్పమను. అక్కడికి వెళ్లడానికి ఇబ్బందైతే 1097కి ఫోన్ చేయమను, డబ్బులు పడవు. విషయం బయటికి పొక్కుతుందని టెన్షన్ ఉంటే, 2017 చట్టం ప్రకారం మీ అన్న అనుమతి లేకుండా హెచ్‌ఐవీ సంగతి ఎవరూ బయటపెట్టకూడదని చెప్పు.

గుమ్మం దగ్గర ఆపడం అనే కోరిక టీకా కాకుండా ఇంకో దారిలో దాదాపు తీరుతోంది. లెనకపవిర్ అని హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందు, ఆరు నెలలకోసారి ఇంజెక్షన్, 2024లో దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 2,134 మంది ఆడవాళ్లకు వేస్తే ఆ ట్రయల్‌లో ఒక్కరికీ ఇన్‌ఫెక్షన్ రాలేదు. దాన్ని చవగ్గా తయారుచేయడానికి లైసెన్సు పొందిన ఆరు కంపెనీల్లో రెండు, డాక్టర్ రెడ్డీస్, హెటిరో, మన హైదరాబాద్‌వే. బ్యాక్టీరియా టీకా వాళ్లకు ఇది పోటీ కూడా, ఇంత బాగా పనిచేసే మందు ఉన్నప్పుడు ట్రయల్‌లో ఆ మందు ఇవ్వకుండా టీకా ఒక్కటే ఇచ్చి చూస్తాం అనడం ఇక కష్టం.

ప్రాజెక్టు విషయానికొస్తే, డిగ్రీలో హెచ్‌ఐవీ జోలికి పోలేవు, పోకూడదు, జన్యువు మార్చిన బ్యాక్టీరియాకు అనుమతుల కమిటీలు వేరే ఉన్నాయి. కానీ బండి గురించి నేర్చుకోవడానికి ఇంటి పెరుగు చాలు. నాలుగిళ్ల పెరుగు తీసుకో, ఒకటి బర్రె పాలది, ఒకటి ప్యాకెట్ పాలది ఉండేలా చూసుకో. పాల బ్యాక్టీరియాను పెంచే ఎంఆర్‌ఎస్ అగార్ మీద లాక్టోబాసిల్లస్ లాంటి కాలనీలు విడదీసి, గ్రామ్ రంగు వేసి, కాటలేజ్ పరీక్ష చేసి, అవేనా కాదా చూడు. తర్వాత పీహెచ్ 2లో మూడు గంటలు ఉంచి గంటగంటకూ ప్లేట్ చేసి ఎన్ని బతికాయో లెక్కపెట్టు, పీహెచ్ 6.5లో ఉంచినదాన్ని పక్కనే పోల్చుకో. ఆ తర్వాత 0.3 శాతం పిత్త లవణాల్లో అదే పని. కడుపు దాటి పేగుకు చేరేవి ఎన్నో నీ ప్లేట్లే చెప్తాయి. ఒక్కో డైల్యూషన్‌కు మూడు ప్లేట్లు పెట్టు, ఒకటి పెట్టి సరిపెట్టుకోకు, వైవాలో మొదట పట్టుకునేది అదే.